ఇద్దరి పని

మానవుడు సంఘజీవి అని పుస్తకాల్లో చదువుకున్నాం. కాని ఇద్దరు కలిసి ఒక పని ఎలా చేయాలో నేను మా కళ్ళంలో నేర్చుకున్నాను.

మా పెదనాన్నగారి అబ్బాయికి 23 ఏళ్ళు. ఆటిజం ఉందని వైద్యులు చెప్పారు. పోయిన కార్తీకంలో ధాన్యం ఆరబోసి ఉండగా మబ్బు పట్టింది. టార్పాలిన్ ఒక కొస నేను పట్టుకుని, "అన్నయ్యా, ఆ మూల కాస్త చూసుకో!" అని కేకేశాను. అన్నయ్య ఆ మూలనే చూస్తూ నిలబడ్డాడు. గాలికి పట్టా లేచిపోయి, నాలుగు బస్తాల ధాన్యం తడిసింది. నోటికొచ్చినట్టు అరిచాను. నాన్న మాత్రం, "చూడమన్నావు, చూశాడు. పట్టుకోమన్నావట్రా?" అన్నారు.

ఆ మాటే నన్ను గ్రంథాలయానికి నడిపించింది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల్ని గమనించి ఆటిజాన్ని వర్ణించాడు. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా. అంటురోగం కాదు, తల్లి పెంపకం వల్ల వచ్చేదీ కాదు. లోపమంతా వారిలోనే ఉందని చాలాకాలం అనుకున్నారు. స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో దీన్ని ప్రశ్నించాడు. మనం వారికి అర్థం కానట్టే వారూ మనకు అర్థం కారు, చిక్కు ఇద్దరి మధ్యా ఉంది అన్నాడు.

2020లో బ్రిటన్‌లో ఒక పరిశోధన వెలువడింది. 8 మంది చొప్పున వరుసలు కట్టి, ఒకరు విన్న కథ పక్కవారికి చెప్పాలి. అందరూ ఆటిజం ఉన్నవారైన వరుసలో కథ, లేనివారి వరుసలో లాగే నిలిచింది. ఇరువురినీ కలిపిన వరుసలో ఎక్కువ జారిపోయింది. 2025లో 311 మందితో మళ్ళీ చేస్తే కలిపిన వరుసలు కూడా వెనకబడలేదు. ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పరాదనడానికి ఇదే ఉదాహరణ. అయితే ఆటిజం ఉన్నవారు కలిసి పనిచేయలేరన్న మాట మాత్రం రెండుసార్లూ నిలబడలేదు.

మళ్ళీ వాన వచ్చిన రోజున, "అన్నయ్యా, ఈ కొస రెండు చేతులతో పట్టుకో. నేను చెప్పేదాకా వదలొద్దు" అన్నాను. వదల్లేదు. వాన వెలిశాక పట్టా మడతపెట్టేటప్పుడు నేనే తొందరపడి వంకరగా లాగుతున్నాను. అది చూసి అన్నయ్య "ఒకటి, రెండు" అని లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఆ లెక్కకు నా చేతులు కుదురుకున్నాయి. నేను మాట మార్చుకున్నాను. నా కోసం తను లెక్క అందుకున్నాడు.

మిత్రులారా! మన ప్రయోగశాలలోనూ ఇద్దరిద్దరం జతగా పనిచేస్తాం. రేపు అటువంటి సహపాఠి మీకు జత కావచ్చు. చేయవలసింది సూటిగా చెప్పండి, ఒక్కొక్కటిగా చెప్పండి, బదులుకు వ్యవధి ఇవ్వండి. పని చెడితే, అరిచే ముందు మనమేం చెప్పామో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆ రోజు నేను ఆ పని చేయలేదు.