వాణిజ్య లోటు: గుర్తుంచుకోవాల్సిన అంశాలు

నిర్వచనం: వస్తు ఎగుమతుల విలువ కంటే దిగుమతుల విలువ ఎక్కువైతే వాణిజ్య లోటు. ఎగుమతులే ఎక్కువైతే మిగులు.

వర్తక శేషం: వస్తువులకే పరిమితం (దృశ్య వాణిజ్యం).

కరెంటు ఖాతా: వస్తువులు + సేవలు + ఆదాయాలు + బదిలీలు. ప్రవాసులు ఇంటికి పంపే సొమ్ము బదిలీల కిందికి వస్తుంది.

భారత్‌కు వాణిజ్య మిగులు: స్వాతంత్ర్యానంతరం రెండుసార్లే. 1972-73, 1976-77 (పరీక్షల్లో తరచూ అడుగుతారు).

కరెంటు ఖాతా మిగులు: 2001-02 నుంచి 2003-04 వరకు, 2020-21.

కరెంటు ఖాతా లోటు గరిష్ఠం: 2012-13, జీడీపీలో 4.8 శాతం. కారణాలు: ముడిచమురు, బంగారం దిగుమతులు.

2023-24 వస్తు వాణిజ్యం: ఎగుమతులు సుమారు 437, దిగుమతులు సుమారు 678 బిలియన్ డాలర్లు.

అత్యధిక లోటు: చైనాతో.

1991 విదేశీ చెల్లింపుల సంక్షోభం: బంగారం తాకట్టు, జులై 1, 3 తేదీల్లో రూపాయి మూల్యహీనీకరణ.

రాజ్యాంగం: విదేశీ వాణిజ్యం కేంద్ర జాబితా 41వ అంశం, కస్టమ్స్ సుంకాలు 83వ అంశం.

విదేశీ మారకద్రవ్య చట్టం: ఫెరా (1973) స్థానంలో ఫెమా (1999), అమలు 2000 జూన్ 1.

గమనిక: సేవల్లో భారత్‌ది మిగులే. అందుకే కరెంటు ఖాతా లోటు, వాణిజ్య లోటు కంటే తక్కువ. ప్రకటనల రూప ప్రశ్నల్లో ఈ రెండింటినీ తారుమారు చేసి ఇస్తారు, జాగ్రత్తగా చదవండి.