పాలియో ఆహారము – అపోహలు, యథార్థములు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతముల మధ్యతరగతి గృహములలో ఇటీవలి కాలమున అన్నమును గురించిన భయమొకటి ప్రవేశించినది. ఇందిరా పార్కులో ఉదయపు నడకకు వచ్చువారి సంభాషణలలోను, బంధువుల విందులలోను “మేము అన్నము మానినాము, ఆదిమానవుని ఆహారము మొదలుపెట్టినాము” అను మాట వినవచ్చుచున్నది. మానదలచినవారు మానవచ్చును. కాని మానుచున్నది ఏమి, దాని స్థానమున తినుచున్నది ఏమి, మానుచున్న వ్యక్తి శరీరస్థితి ఎట్టిది అను మూడు ప్రశ్నలు వేసికొనకుండ మానుట ప్రమాదకరము. కొందరి విషయమున అది ప్రాణాపాయము కూడ.

పాలియో ఆహారమనగా నేమి?

వ్యవసాయము పుట్టకముందు, ప్రాచీన శిలాయుగమున మానవుడు తినెనని భావింపబడు ఆహారమునకే ఈ పేరు. 1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అను అమెరికా వైద్యుడు శిలాయుగపు ఆహారముపై ఒక గ్రంథము వెలువరించెను. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనువారు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికలో వ్రాసిన వ్యాసముతో ఈ భావన వైద్యలోకమున చర్చకు వచ్చినది. 2002లో లోరెన్ కార్డెయిన్ గ్రంథముతో అది సామాన్యులకు చేరినది. ఈ విధానమున కూరగాయలు, పండ్లు, చేపలు, మాంసము, గ్రుడ్లు, గింజపప్పులు గ్రాహ్యములు. ధాన్యములు, పప్పుధాన్యములు, పాలు, పంచదార, కర్మాగారములలో తయారైన తినుబండారములు వర్జ్యములు.

అపోహ 1: పాలియో అనగా మాంసాహారమే

ఇది సరికాదు. ఈ విధానమున పళ్ళెములో అధికభాగము కూరగాయలు, పండ్లు ఉండవలెను. మన ప్రాంతమునే నిదర్శనముగా తీసికొందము. నల్లమల అడవులలో వేటాడి, ఆహారము సేకరించి జీవించిన చెంచులను గురించి హైమెండార్ఫ్ 1943లో ఒక గ్రంథము ప్రచురించెను. చెంచుల సంప్రదాయ ఆహారమున వేటమాంసముతో పాటు అడవి దుంపలు, పండ్లు, ఆకుకూరలు, ఇప్పపువ్వు, తేనె ప్రముఖములు. దుంపలలో పిండిపదార్థమే ప్రధానము. కనుక పూటపూటకు వేయించిన కోడిమాంసము తిని, కూరగాయలను విడిచిపెట్టుటకు ఆదిమానవుని సాక్ష్యము లభింపదు.

అపోహ 2: ఆదిమానవుడు ధాన్యమును ముట్టలేదు

పురావస్తు పరిశోధనలు ఇందుకు విరుద్ధముగా ఉన్నవి. ఇజ్రాయెల్ దేశమున ఓహాలో అనుచోట సుమారు 23 వేల సంవత్సరముల నాటి మానవులు అడవి యవలు, అడవి గోధుమలు సేకరించి నూరిన ఆధారములు దొరకినవి. జోర్డాన్ దేశమున 14 వేల సంవత్సరములకు పూర్వపు రొట్టె అవశేషములు 2018లో వెల్లడియైనవి. ఇవి వ్యవసాయమునకు ముందటి సంగతులు. మన దక్కను పీఠభూమిపై నవీన శిలాయుగపు రైతులు నాలుగు వేల సంవత్సరములకు పూర్వమే అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండించిరి.

ఐనను ఒక సత్యము అంగీకరింపవలెను. ప్రాచీనులు తినిన ధాన్యము తవుడుతో కూడినది, శ్రమించి సంపాదించినది. నేడు మనము తినునది తెల్లగా పాలిషు పట్టిన బియ్యము, మైదా. ఉదయము ఇడ్లీ, మధ్యాహ్నము అన్నము, సాయంకాలము బేకరీ బిస్కత్తు, రాత్రి మరల అన్నము. దోషము ధాన్యమునది కాదు. ధాన్యపు రూపమునది, పరిమాణమునది, కదలని జీవనమునది.

అపోహ 3: పాలియో, కీటో రెండును ఒకటే

తెలుగునాట ఈ భ్రమ అధికము. 2017–18 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన, కొబ్బరినూనె వంటి కొవ్వులను అధికముగా, పిండిపదార్థములను అత్యల్పముగా తీసికొను విధానము ఇంటింట చర్చనీయాంశమైనది. అది కీటో తరహాకు చెందినది. కీటోలో శరీరము కొవ్వును ప్రధాన ఇంధనముగా వాడుకొనునట్లు పిండిపదార్థమును బాగుగా తగ్గింతురు. వెన్న, మీగడలకు నిషేధము లేదు. పాలియోలో పాలపదార్థములు నిషిద్ధములు. పండ్లు, దుంపలు, కొంచెము తేనె అనుమతింపబడును. ఒకదాని నియమములు, మరియొకదాని పేరు కలిపి ఆచరించువారికి రెండింటి ప్రయోజనమును కలుగదు.

అపోహ 4: ధాన్యము మానిన మధుమేహము పోవును, మాత్రలు అక్కరలేదు

ఈ వ్యాసమున అన్నింటికంటె ముఖ్యమైన భాగమిది. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసికొనువారు వైద్యునికి తెలుపకుండ హఠాత్తుగా అన్నము, రొట్టె మానిన యెడల, మందు యథాతథముగా పనిచేయుచుండగా రక్తమున చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవును. చెమట పట్టుట, వణకు, గుండెదడ, తీవ్రమైన ఆకలి, మాట తడబడుట దీని లక్షణములు. వెంటనే మూడు చెంచాల పంచదారను నీటిలో కలిపి త్రాగింపవలెను. పదునైదు నిమిషములలో తేరుకొననిచో మరల ఇయ్యవలెను. స్పృహ తప్పిన వారి నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్చవలెను.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మాత్రలు వాడువారికి మరియొక ప్రమాదము కలదు. పిండిపదార్థము అతిగా తగ్గించినపుడు రక్తమున కీటోన్ ఆమ్లములు పేరుకొని వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కలుగవచ్చును. అపుడు గ్లూకోమీటరులో చక్కెర ఎక్కువగా కనిపింపకపోవచ్చును. అందుచేత ఇంటివారు ఇది అజీర్ణమని పొరబడుదురు. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తులను స్వంతముగా పెంచుకొనరాదు. అన్నము తగ్గించుట వలన చక్కెర అదుపులోనికి వచ్చుట నిజమే. ఐతే మందు తగ్గింపవలసినది వైద్యుడు, పరీక్ష చూచిన పిదప.

అపోహ 5: శాకాహారులకును ఇది అనుకూలము

చిక్కడపల్లిలో మాంసము, గ్రుడ్డు ముట్టని గృహములు అనేకము. అట్టి ఇంట కందిపప్పు, పెసరపప్పు, పాలు, పెరుగు కూడ తీసివేసినచో మాంసకృత్తులకు ఆధారమేది? నూరు గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్నవి. శాకాహారికి బి12 విటమిను లభించు ప్రధాన మార్గము పాలు, పెరుగు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఇవన్నియు మాని కొబ్బరి, బాదములతో కడుపు నింపుకొనుట పోషణ కాజాలదు. అశోక్‌నగర్ వసతిగృహములలో ఉండి పోటీపరీక్షలకు చదువుకొను యువతీయువకులు మెస్సులో అన్నము వదలి కూర మాత్రమే తినినచో మిగులునది నీరసము, మలబద్ధకము.

అపోహ 6: ఆయుర్వేదము చెప్పినదియు ఇదియే

చరకసంహిత నిత్యము సేవింపదగినవిగా షష్టిక శాలిధాన్యము, పెసలు, యవలు, ఉసిరిక, సైంధవలవణము, పాలు, నేయి, తేనె, జాంగలమాంసములను పేర్కొన్నది. ఇందు ధాన్యము, పప్పు, పాలు, మాంసము అన్నియు ఉన్నవి. ప్రమేహమునకు కారణములుగా కూర్చుండు సుఖమును, అతినిద్రను, పెరుగును, క్రొత్త ధాన్యమును, బెల్లపు వంటకములను చెప్పి, చికిత్సలో యవధాన్యమునకు ప్రాధాన్యమిచ్చినది. అనగా ధాన్యమును వెలివేయలేదు, ఎన్నుకొనుమన్నది. ఆహారమును నిర్ణయించు ఎనిమిది అంశములలో ద్రవ్యస్వభావము, సంస్కారము, పరిమాణము, దేశకాలములతో పాటు ‘ఉపయోక్త’, అనగా తినువాడు, కూడ ఒక అంశము. ఒకరికి పథ్యమైనది అందరికి పథ్యము కాదు.

సైంధవలవణము శ్రేష్ఠమే, కాని అయోడిన్ కలిపిన ఉప్పును పూర్తిగా మానరాదు. స్వీడన్ దేశమున స్థూలకాయులైన 70 మంది స్త్రీలపై రెండు సంవత్సరములు జరిపిన పరిశీలనలో పాలియో వర్గమువారికి అయోడిన్ కొరత కనబడినది. ఆరు నెలలకు ఆ వర్గమువారే ఎక్కువ కొవ్వు తగ్గిరి. రెండు సంవత్సరములకు ఇరువర్గముల మధ్య చెప్పుకోదగిన భేదము నిలువలేదు. కొవ్వు తగ్గుదలకు సంబంధించిన ఫలితములు 2014లో ప్రకటింపబడినవి.

ఆచరింపదగిన పద్ధతి

పాలియో నుండి గ్రహింపదగిన మంచి ఉన్నది: పంచదార, మైదా, పొట్లములలోని తినుబండారములు మానుట, కూరగాయలు పెంచుట. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములు కూడ ధాన్యముల నుండి లభించు శక్తి 45 శాతమునకు మించరాదని చెప్పుచున్నవి. మన ఇళ్ళలో ఈ క్రింది విధముగా ఆచరించునది.

1. అలవాటును ఒక్కసారిగా గాక, పాదాంశక్రమమున, అనగా నాలుగవ వంతు చొప్పున మార్చుమని చరకుని ఉపదేశము. నాలుగు గరిటెల అన్నము తినువారు మొదట మూడు గరిటెలు తిని, నాలుగవదాని స్థానమున ఆకుకూర పప్పు తీసికొనవలెను. అలవాటైన పిదప మరియొక గరిటె తగ్గింపవచ్చును.

2. రాత్రిపూట జొన్నరొట్టె, కూర, పలుచని మజ్జిగ తీసికొనవలెను. వారమునకు రెండుసార్లు ఉలవచారు మంచిది.

3. యవల జావ: బార్లీ గింజలను దోరగా వేయించి రవ్వ పట్టించవలెను. ఒక వంతు రవ్వకు ఎనిమిది వంతుల నీరు పోసి మెత్తగా ఉడికించి, ఉప్పు, జీలకర్ర, మజ్జిగ కలిపి ఉదయము పలహారముగా త్రాగవలెను. గోధుమ సరిపడనివారు దీనిని వాడరాదు.

4. భోజనానంతరము కొంతసేపు మెల్లగా నడువవలెను.

5. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు వైద్యుని సంప్రదించిన పిదపనే ఏ మార్పునైన చేయవలెను.

ఆదిమానవుడు ఏమి తినెనో తెలిసికొనుట విజ్ఞానము. మన ఇంటిలోని వృద్ధునకు, బిడ్డకు, రోగికి ఏది హితమో తెలిసికొని వండిపెట్టుట వివేకము. గృహిణులు, గృహస్థులు ఈ రెండవదానికి ప్రథమస్థానము ఇత్తురుగాక.