జన్యువులు చెప్పే పాముల చుట్టరికం

రెండు జాతుల పాములు దగ్గరి చుట్టాలో కాదో జన్యువుల ద్వారా ఎలా తెలుసుకుంటారు? దానివల్ల ప్రయోజనమేమిటి? ఈ పాఠభాగంలో చూద్దాం.

కంటికీ ముక్కురంధ్రానికీ మధ్య చిన్న గుంట ఉండే విషసర్పాలను పిట్ వైపర్లు అంటారు. మనం గుంటపింజరులు అందాం. ఆ గుంట వేడిని పసిగడుతుంది. కాబట్టి చిమ్మచీకట్లో కూడా ఎలుక ఎక్కడుందో పాముకు తెలుస్తుంది.

ఆసియా అడవుల్లో ఆకుపచ్చ గుంటపింజరులు అనేకం. చూడడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. పూర్వం రూపాన్నీ పొలుసుల లెక్కనూ బట్టి వాటిని ఒకే ప్రజాతిలో చేర్చారు. కాని కొమ్మల మీద బతికే ఏ పాముకైనా పచ్చరంగు దాగడానికి పనికివస్తుంది. అందువల్ల రంగు ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదు.

ఒక తాళపత్ర గ్రంథానికి నకళ్లు రాశారనుకోండి. ఒక లేఖకుడి తప్పు, ఆ ప్రతిని చూసి రాసిన ప్రతులన్నిటిలోకీ పాకుతుంది. ఒకే తప్పులున్న ప్రతులు ఒకే మూలం నుంచి వచ్చాయని గుర్తించవచ్చు. తరతరానికీ నకలయ్యే డి.ఎన్.ఏ.లో కూడా ఇలాగే మార్పులు చేరుతాయి. వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయానికి చెందిన అనితా మల్హోత్రా, రోజర్ థార్ప్ 2004లో ఆసియా గుంటపింజరుల మైటోకాండ్రియా జన్యువులను పోల్చి, ఆ పాత ప్రజాతిని పలు ప్రజాతులుగా విడదీయాలని సూచించారు. అమెరికా ఖండాల్లోని గుంటపింజరులన్నీ, గిలకపాముతో సహా, ఆసియా నుంచి వెళ్లిన ఒకే శాఖ సంతతి అని కూడా జన్యువులే తెలిపాయి.

ఇక ప్రయోజనం. పశ్చిమ కనుమల్లోనూ శ్రీలంకలోనూ ఎత్తుముక్కు పింజరి ఉంది. దాని కాటుతో మూత్రపిండాలు దెబ్బతిని మనుషులు చనిపోయారు. మన దేశంలో వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలతో తయారవుతుంది. అది దీనిపై పనిచేయదు. కేరళలో కొందరు రోగుల విషయంలో దీన్ని చిన్నపింజరి అనుకొని అదే మందు ఇచ్చారు కూడా.

జన్యువుల ప్రకారం ఎత్తుముక్కు పింజరికి దగ్గరి బంధువు ఆగ్నేయాసియాలోని మలయా పింజరి. దాని విషానికి థాయిలాండులో విరుగుడు తయారవుతోంది. 2011లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో ఆ మందు ఎలుకలను ఎత్తుముక్కు పింజరి విషం నుంచి కూడా కాపాడింది. అయితే చుట్టరికం ఉన్నంతమాత్రాన మందు పనిచేస్తుందని చెప్పలేం. రక్తపింజరి ఒకే జాతి అయినా దాని విషం ప్రాంతాన్నిబట్టి మారుతుంది. జన్యువులు ఎక్కడ వెతకాలో చూపిస్తాయి. తేల్చవలసింది పరీక్షలే.

పాఠ్యగత ప్రశ్న: రెండు పాములూ ఆకుపచ్చగా ఉన్నాయి కాబట్టి ఒకే వంశానివని మీ మిత్రుడు అన్నాడు. మీరేం సమాధానం చెబుతారు? మూడు వాక్యాల్లో రాయండి.