ధ్రువపత్రం దగ్గరే ఆగిపోతున్న యానాదులు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని మర్రిపాడు నుంచి తూర్పు తీరం దాకా ఊరి చివరి గుడిసెల్లో యానాదులు కనిపిస్తారు. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరు 4,62,167 మంది. గిరిజన తెగల్లో సుగాలీలు, కోయల తర్వాత మూడో స్థానం వీరిదే. అదే ఏడాది రాష్ట్రంలో గిరిజనుల అక్షరాస్యత 37 శాతమే.

చదువుకు, హక్కులకు అడ్డంకి ఎక్కడుంది? తండ్రి రొయ్యల గుంట కాపలాకు కుదురుతాడు. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కుటుంబమంతా గట్టు మీదే. తల్లి కూలికి పోతే, చంటిపిల్లను చంకనేసుకున్న అక్కకు బడి దూరమవుతుంది. గుడిసెలో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఉండదు. అది లేక ఆధార్, కుల ధ్రువపత్రం కష్టం. కుల ధ్రువపత్రం లేనిదే రాష్ట్ర ఉద్యోగాల్లోని 6 శాతం ఎస్టీ రిజర్వేషన్ అందదు. హక్కు ఉండీ చేతికి రాకపోవడం కన్నా అన్యాయం లేదు.

చరిత్ర గాయమూ ఉంది. నేరస్థ తెగల చట్టం (1871) నీడ వీరిలో కొందరిపై పడింది. ఆ చట్టం 1952లో రద్దయింది. వీరి కోసం జీవితాంతం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యకు 1973లో పద్మభూషణ్ లభించింది. రొయ్యల గుంట అడ్వాన్సు విషయానికొస్తే, అప్పు కింద వెట్టిచాకిరీ చేయించుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం.

పోటీ పరీక్షల అభ్యర్థులు పొరబడే అంశాలు రెండున్నాయి. నెల్లూరు జిల్లాలో రాజ్యాంగం అయిదో షెడ్యూలు ప్రాంతం లేదు కాబట్టి, షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 నాటి పీసా చట్టం ఇక్కడ వర్తించదు. చెంచులు ఉన్న ప్రత్యేక దుర్బల గిరిజన తెగల జాబితాలో యానాదులు లేరు.