పేకాట బతుకుతెరువు అవుతుందా?

మా వార్డులో కాలి పుండుకు కట్టు కట్టించుకుంటూ ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇది. (ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.)

"సిస్టరమ్మా, మా పెద్దోడు కంపెనీ పని మానేస్తానంటున్నాడు. రమ్మీ, పోకర్ బాగా ఆడతాడంట. గోవా పోయి క్యాసినోలో ఆడి సంపాదిస్తాడంట. వద్దంటే, క్రికెట్ ఆడేవాళ్లు సంపాదించుకోవట్లేదా అని అడుగుతాడు. నేనేం చెప్పేది?"

అది పాపమని చెప్పడం నాకు సులువే. నేను విశ్వాసిని, నా అభిప్రాయం నాకుంది. కాని పాతికేళ్ల కుర్రవాడు ఆ మాట వినగానే లేచి వెళ్లిపోతాడు. తరువాత అప్పు చేసినా ఇంట్లో చెప్పడు. కాబట్టి అతనితో కూర్చుని లెక్కలు అడగండి అన్నాను. మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే అడగవలసినవి ఇక్కడ రాస్తున్నాను.

లెక్క ఏమిటి?

పేకాటలో నేర్పు లేదని నేను అనను. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆటేనని చెప్పింది. ఆడించేవారు దాని మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చునని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు.

నేర్పు ఉన్నా, ఆడించేవారి కమీషన్ ముందు తీరాలి. ఉదాహరణకు ఆరుగురు తలా 500 రూపాయలు వేస్తే 3,000 అవుతుంది. అందులో పదోవంతు, అంటే 300, ఆడించేవారు తీసుకుంటారనుకోండి. రాత్రికి ఇరవై ఆటలు ఆడితే 6,000 రూపాయలు బల్ల మీది నుండి వెళ్లిపోతాయి. ఆరుగురూ సమానంగా ఆడేవారైతే ఒక్కొక్కరికి 1,000 నష్టం. అంటే మీ అబ్బాయి ఒక్క రూపాయి సంపాదించే ముందు, మిగతావారి కంటే రాత్రికి 1,000 రూపాయల మేర బాగా ఆడి ఉండాలి. ప్రయాణం, లాడ్జి ఖర్చులు వేరు. గెలిచిన డబ్బుపై ఆదాయపు పన్ను 30 శాతం. ఓడిన డబ్బును జీతంలో నుండి తగ్గించి చూపడానికి వీలులేదు.

ఫోనులో ఆడతానంటే ఆ దారి మూసుకుపోయింది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఇంకా ఆడిస్తామని లింకు పంపేవారి చేతిలో డబ్బు పెడితే, రాకపోయినప్పుడు ఎవరిని అడుగుతారు?

ఉద్యోగం మానితే జీతంతో పాటు ఈఎస్ఐ కూడా పోతుంది. కొడుకు మీద ఆధారపడిన తల్లి వైద్యానికీ అదే దిక్కు అని ఆ అబ్బాయికి తోచలేదు.

శరీరం సంగతి

రాత్రంతా కూర్చుని ఆడేవారు టీ, సిగరెట్లు, గుట్కాల మీద గడుపుతారు. నిద్ర తగ్గితే బి.పి., షుగరు అదుపు తప్పుతాయి. నిద్ర లేని మనిషి పందెం విషయంలో సరిగా ఆలోచించలేడు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది.

అసలు ప్రమాదం మెదడులో ఉంది. ఎప్పుడు గెలుస్తామో తెలియని గెలుపు మెదడును గట్టిగా పట్టుకుంటుంది. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగానే గుర్తించింది. లక్షణాలు గమనించండి: మునుపటి కంటే పెద్ద పందెం కావాలనిపించడం, మానితే చిరాకు, ఎంత పోయిందో దాచడం, అన్నిటికంటే ముఖ్యంగా పోయినది రాబట్టుకోవడానికి మళ్లీ కూర్చోవడం. ధర్మరాజు కథ అందరికీ తెలిసిందే. ఆయన ఓడినకొద్దీ పందెం పెంచాడు.

ఇక్కడే ఇంకొక మాట. వణుకుడు జబ్బు, అంటే పార్కిన్సన్స్‌కు వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వల్ల కొందరిలో జూదం కోరిక కొత్తగా పుడుతుంది. ఎన్నడూ పేక ముట్టని తాతగారు హఠాత్తుగా ఆటకు వెళుతుంటే తిట్టకండి, డాక్టరుకు చెప్పండి. మందు మీ అంతట మీరు ఆపకండి.

అప్పు తీర్చడం గురించి

చాలా ఏళ్ల క్రితం ఒక కుటుంబానికి నేను తప్పు సలహా ఇచ్చాను. "ఈ ఒక్కసారి అప్పు తీర్చేయండి, కుర్రవాడు మారతాడు" అన్నాను. వాళ్లు పొలం అమ్మి తీర్చారు. చేతిలో డబ్బు, బ్యాంకు కార్డు అతని దగ్గరే ఉన్నాయి. ఏడాది తిరగకుండా అంతకు రెట్టింపు అప్పు తెచ్చాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు నేను చెప్పేది ఇది. ముందు మొత్తం అప్పులు కాగితం మీద రాయించండి. జీతం, కార్డులు కొంతకాలం నమ్మకమైన వేరొకరి చేతిలో ఉండాలి. చికిత్స మొదలైన తరువాతే అప్పు గురించి ఆలోచించండి. అదీ అప్పిచ్చినవారికి నేరుగా కట్టాలి.

అప్పులో ఉన్న మనిషి మాట్లాడడం మానేసినా, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" అన్నా తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. చనిపోవాలని ఉందా అని నేరుగా అడగవచ్చు. అలా అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. ఇంట్లో పురుగుల మందు ఉంటే ఆ రోజే బయటకు పంపేయండి. టెలిమానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు.

ఈ జబ్బుకు కౌన్సెలింగ్ మంచి చికిత్స. దిగులు కూడా ఉంటే మందులు ఇస్తారు.

ఆ అబ్బాయి సంగతి చెప్పలేదు కదూ. తల్లిని చూడటానికి వచ్చినప్పుడు, ఆరు నెలల్లో ఎంత గెలిచావని అడిగాను. నలభై వేలు అన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి నా ఎదుటే ఒక నోటు పుస్తకంలో రాయమన్నాను. వచ్చినవి ఒక పక్క, పోయినవి ఒక పక్క. రెండో పేజీ దగ్గర పెన్ను ఆగిపోయింది. గెలిచినవన్నీ అతనికి తేదీలతో సహా గుర్తున్నాయి. ఓడినవి సగం కూడా గుర్తులేవు. లక్షా పదివేలు తేడా.

ఒక నెల పూర్తిగా మానేసి చూడు, మానగలిగితే అప్పుడు వృత్తి సంగతి మాట్లాడదాం అన్నాను. సరేనన్నాడు. పదకొండో రోజున తనే ఫోన్ చేసి, "సిస్టర్, ఆగలేకపోయాను" అన్నాడు. మరుసటి వారం మానసిక వైద్యుల ఓ.పి. బయట బెంచీ మీద కూర్చున్నాడు. తల్లి కట్టు కాలితోనే వచ్చింది. "నేను కూడా లోపలికి వెళ్లనా సిస్టరమ్మా?" అని అడిగింది. ముందు అతన్ని ఒక్కడినే వెళ్లనివ్వండి, డాక్టరు గారే మిమ్మల్ని పిలుస్తారు అని చెప్పి ఆమెకు కుర్చీ వేశాను.