పెళ్ళికెళ్ళి, సముద్రం దాకా

చెల్లెళ్ళూ, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పండి. ఈమధ్య మీరు ఊరు దాటి వెళ్ళిన ప్రయాణాలు ఒకసారి గుర్తుచేసుకోండి. పెళ్ళి, పురుడు, పెద్దకర్మ, మొక్కు, ఆస్పత్రి. పని లేకుండా ఎప్పుడైనా గడప దాటామా? మగవాళ్ళు ‘అలా వెళ్ళొస్తాం’ అంటే ఎవరూ ఏమీ అడగరు. మనం అంటే ‘ఎందుకు?’ అంటారు. వాళ్ళకంటే ముందు మనమే మనల్ని అడుక్కుంటాం.

మా బూర్గంపాడులో ఆడవాళ్ళం అరకు పోదామని, పాపికొండలు చూద్దామని ఎన్నిసార్లు అనుకున్నామో. ఒకసారి పిల్లల పరీక్షలు, ఒకసారి మిర్చి కోతలు, ఒకసారి అత్తగారికి జ్వరం. తారీఖు పెట్టుకున్నామా, ఆ తారీఖులోపు ఇంట్లో ఏదో ఒకటి రానే వస్తుంది. అందుకే నేను గట్టిగా నమ్ముతున్నా, అనుకోకుండా దొరికిన ప్రయాణమే ఆడవాళ్ళకు దక్కేది. అది దొరికినప్పుడు వదులుకోకూడదు.

మాకు మాఘమాసంలో దొరికింది. రాజమండ్రిలో మేనకోడలి పెళ్ళి. నేను, చెల్లెలు, వదిన, మా పెద్దమ్మ కలిసి బండి మాట్లాడుకుని బయల్దేరాం. మా దారి తెలుసుగా! ఊరు దాటిన కాసేపటికే ఆంధ్రప్రదేశ్. పోలవరం ప్రాజెక్టు ముంపు కోసమని 2014లో మన ఖమ్మం నుంచి విడదీసిన కుక్కునూరు అక్కడే. ఇంకాస్త పోతే అశ్వారావుపేట, మళ్ళీ తెలంగాణ. జీలుగుమిల్లి వచ్చేసరికి మళ్ళీ ఆంధ్ర. కుక్కునూరు మీదుగా పోతున్నంతసేపూ పెద్దమ్మ మాట్లాడలేదు. ఆమె పుట్టిల్లు అటువైపే.

పెళ్ళయింది, అప్పగింతలయ్యాయి. మర్నాడు పొద్దున టిఫిన్లు చేస్తుంటే పెద్దమ్మ అడిగింది: “ఈ గోదారి ఇక్కడినుంచి ఎటు పోతదే?” సముద్రంలోకని చెప్పాను. “ఎంత దూరం?” కాకినాడకు 60 కిలోమీటర్ల పైచిలుకు అన్నాడు బండి నడిపే బాబు. డెబ్భై దాటిన మనిషి, పుట్టినప్పటినుంచీ గోదావరి ఒడ్డున బతికిన మనిషి, ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు. వదిన నావైపు చూసింది. నేను ఇంటికి ఫోన్ చేసి, రేపు వస్తామని చెప్పేశాను. అనుమతి అడగలేదు, చెప్పాను. ఆ తేడా మీకు తెలుసు.

ధవళేశ్వరంలో ఆగాం. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాతది. అక్కడినుంచి గోదావరి పాయలుగా చీలుతుంది. మేం గౌతమి పాయ వెంబడి ద్రాక్షారామం మీదుగా యానాం చేరాం. యానాం అంటే పుదుచ్చేరి. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న ఊరు. మాట మాత్రం అచ్చం గోదారి మాటే.

యానాం రేవులో చేపలమ్మే ఆమెతో మాట కలిసింది. ఏ ఊరమ్మా అంటే, భద్రాచలం దగ్గరన్నాం. “అయ్యో, మీ భద్రాచలం లెక్కే కదమ్మా మాకు! అక్కడ మూడో హెచ్చరిక అన్నారంటే ఇక్కడ మేం సామాన్లు అటకెక్కిస్తాం” అంది. నాకు ఒళ్ళు జలదరించింది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మనం రేడియోలో, టీవీలో వింటూ పెరిగిన అంకెలవి. 2022 జులైలో 71.3 అడుగులొచ్చినప్పుడు మా ఊళ్ళోకి నీళ్ళొచ్చి పిల్లల్ని, ధాన్యాన్ని మోసుకుని పరుగెత్తాం. అదే వరద కిందికి దిగి వీళ్ళ ఇళ్ళలోకీ వెళ్ళింది. వాళ్ళూ మనలాగే బియ్యం మూటలు మోశారు. నీళ్ళు దిగాక మనలాగే బురద ఎత్తిపోసుకున్నారు. ఇన్నేళ్ళూ వరదంటే మన కష్టం అనుకున్నానే తప్ప, మన తర్వాత ఎవరి గడప తడుస్తుందో నాకు తట్టనేలేదు. పెద్దమ్మా, ఆమే అక్కడే కూలబడి 1986 వరద గురించి చెప్పుకున్నారు. అప్పుడు భద్రాచలంలో 75.6 అడుగులు. ఇద్దరికీ ఆ రాత్రి ఇంకా కళ్ళముందే ఉంది. మేం పిలిచినా లేవలేదు.

యానాం దాటి కాకినాడ వైపు వెళ్తుంటే కోరంగి. టేకు, తునికి, ఇప్ప చెట్ల మధ్య పెరిగినవాళ్ళం కదా, అడవంటే మనకు తెలుసనుకుంటాం. కోరంగి మడ అడవి చూస్తే అది వేరే లోకం. కాళ్ళు ఉప్పు బురదలో, తల ఎండలో. ఊపిరి కోసం వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి. బురద మీద చిన్న చేపలు గెంతుతుంటాయి. నడవడానికి చెక్కబాట ఉంది, పెద్దమ్మ కూడా హాయిగా నడిచింది. గోదావరి మన కొండల నుంచి, చేల నుంచి తెచ్చిన ఒండ్రుమట్టి మీదే ఈ మడ చెట్లు నిలబడ్డాయి. తుఫాను వచ్చినప్పుడు అల దెబ్బను ముందుగా కాసేది అవే. ఇదే కోరంగి రేవును 1839 తుఫాను తుడిచిపెట్టింది. ఆ సంగతి తెలిశాక, ఆ చెట్లను నరకాలని ఎవరికైనా ఎలా చేతులొస్తాయో నాకు అర్థం కాదు.

కాకినాడలో కాజా తిని, గది తీసుకున్నాం. తెల్లారి ఉప్పాడ రోడ్డు పట్టాం. పెద్దమ్మ సముద్రం చూసింది అక్కడే. చాలాసేపు నిలబడి, ఆఖరికి అడిగింది: “దీనికి ఎన్నో ప్రమాద హెచ్చరికే?”

పక్కనే వలలు సర్దుతున్న ఆమె విని, “దీనికి హెచ్చరికలుండవమ్మా. వస్తది, వీధి పట్టుకుపోతది” అంది. నిజం. ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తోంది. అడ్డంగా బండరాళ్ళు వేశారు, అయినా రోడ్డు ఎన్నిసార్లు తెగిందో. తన చిన్నప్పటి ఇల్లు ఎక్కడుండేదో ఆమె వేలితో నీళ్ళలోకి చూపించింది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మునిగే ఊరి ఆడపిల్లకు ఆ చూపించడంలో ఏముందో తెలుస్తుంది.

ఉప్పాడలోనే జాందానీ మగ్గం చూశాం. ఒక్క చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పువ్వు పువ్వుకీ విడిగా జరీ దారం వేసి నేస్తారు. తిరగేసినా పువ్వు అంతే అందంగా ఉంటుంది. 2009లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేం కొనలేదు, అంత డబ్బు లేదు. కానీ ధర ఎందుకంతో కళ్ళారా చూశాం. ఇకమీదట నేత చీర దగ్గర గీచిగీచి బేరమాడకండి, నా మాట వినండి.

తిరుగు దారిలో అన్నవరం కొండెక్కి సత్యనారాయణస్వామికి దణ్ణం పెట్టుకుని, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు, భద్రాచలం. ఘాట్ రోడ్డు పగలే దాటాం, మీరూ అలాగే చెయ్యండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, సిగ్గుపడకుండా చెప్తున్నా. దారిలో మరుగుదొడ్డి దొరకదని నీళ్ళు తాగకుండా కూర్చుంటాం మనం. మా వదిన అలాగే కూర్చుని ఇంటికొచ్చాక మూత్రంలో మంటతో బాధపడింది. హైవే మీద పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లుంటాయి. ధైర్యంగా వెళ్ళి తాళం అడగండి. నీళ్ళు తాగండి. ఒక చిన్న సంచిలో బీపీ, షుగర్ మాత్రలు, ప్యాడ్లు, ఒక జత బట్టలు, ఫోన్ ఛార్జరు పెళ్ళికెళ్ళినా సరే వెంట ఉంచుకోండి. అలల్లో మోకాళ్ళు దాటి దిగకండి. ఒడ్డున బాగానే కనిపించే నీళ్ళు కాళ్ళకింద ఇసుకను లాగేస్తాయి. ఏదైనా ఇబ్బందైతే 112కి ఫోన్ చెయ్యండి.

ఇంటికొచ్చాక ఎవరూ ఏమీ అనలేదా అంటే, అన్నారు. రెండు రోజులు అన్నారు, తర్వాత మర్చిపోయారు. పెద్దమ్మ మాత్రం వాడకట్టులో ఇంటింటికీ వెళ్ళి యానాం ఆమె సంగతి చెప్తోంది. మొన్న వానాకాలంలో భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయని వార్తల్లో రాగానే, “యానాం ఆమెకు ఫోన్ కలపవే” అంది. నంబరు ఆవిడే అడిగి తెచ్చుకుంది, నాకు తెలియనే తెలియదు.

మళ్ళీ మాఘం వస్తోంది, పెళ్ళిళ్ళొస్తాయి. మీ అమ్మ సముద్రం చూసిందో లేదో ఈ పూటే అడగండి. చూడలేదంటే, ఈసారి పెళ్ళి బండిని అటు తిప్పించండి.