తొలకరికి తెల్లమద్ది: ఐటీ కారిడార్ తోటలకు సలహాలు

మృగశిర దాటి ఆరుద్రలోకి వచ్చాం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడలోని గేటెడ్ కమ్యూనిటీల తోట కమిటీలు, ఆఫీసు క్యాంపస్‌ల తోటమాలులు, మోకిల, శంకర్‌పల్లి వైపు ఫామ్ ప్లాట్లు కొన్నవాళ్లు ఈ వారాల్లోనే మొక్కలు తెప్పించుకుంటారు. ఈసారి ఆ జాబితాలో తెల్లమద్దిని తప్పకుండా రాసుకోండి. నర్సరీలో 'అర్జున' అని అడిగినా ఇస్తారు.

ఇక్కడి నేల తీరు చూస్తే ఈ చెట్టే ఎందుకో తెలుస్తుంది. రాతి గుట్టలు, వాటి మధ్య పల్లాలు, పల్లాల్లో చెరువులు. గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన దుర్గం చెరువు, రాయదుర్గం దగ్గరి మల్కం చెరువు అలాంటివే. శంకర్‌పల్లి వైపు నుంచి కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా నీళ్లు తెచ్చిన బుల్కాపూర్ నాలా ఈ ప్రాంతం మధ్యలోంచే పోతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పొలాల మీద రోడ్లు, టవర్లు లేచాయి గానీ వాన నీరు మాత్రం పాత పల్లాన్నే వెతుక్కుంటుంది. గట్టి వాన పడితే కాంపౌండులో ఒక మూల నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం అదే మూల నెర్రెలిచ్చేలా ఎండుతుంది. ఈ రెండింటినీ ఓర్చుకునే చెట్లు తక్కువ. వాగుల ఒడ్డున పుట్టి పెరిగే తెల్లమద్దికి ఇది అలవాటైన బతుకే. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి కొలువైంది ఈ చెట్టు మొదట్లోనే. ఆ గుడి కూడా ఎర్రకాలువ ఒడ్డునే ఉంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. పెద్ద చెట్టు మాను నున్నగా, బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది. పై బెరడు పలకలు పలకలుగా రాలుతుంది. మొదట్లో వేళ్లు పలకల్లా ఉబ్బి మానును పట్టుకుని ఉంటాయి. ఆకు జామాకును పోలి ఉంటుంది. దాన్ని తిప్పి చూస్తే తొడిమ దగ్గర రెండు చిన్న బొడిపెలు కనిపిస్తాయి. కాయకు అయిదు రెక్కలుంటాయి. మాను నల్లగా, మొసలి వీపులా పగుళ్లతో ఉంటే అది నల్లమద్ది. మంచి చెట్టే, కానీ దాని చోటు అడవి.

స్థలం విషయంలో తొందరపడొద్దు. ఈ కారిడార్‌లో చాలా కమ్యూనిటీల కింద సెల్లార్ పార్కింగ్ ఉంటుంది. పైన పచ్చిక ఉన్నా దాని కింద రెండు మూడు అడుగుల మట్టి, ఆ కింద స్లాబు. అక్కడ తెల్లమద్ది పెట్టడమంటే దాన్ని చంపుకోవడమే. ఇది 60 నుంచి 80 అడుగుల ఎత్తు పోయే చెట్టు. అసలు నేల తగిలే చోటే పెట్టాలి. గోడకు, పైపులైన్లకు కనీసం 25 అడుగుల దూరం ఉంచండి. చెట్టుకూ చెట్టుకూ మధ్య 30 అడుగులు వదలండి. కరెంటు తీగల కింద అసలు వద్దు. తర్వాత తల నరికించాల్సి వస్తుంది, తల నరికిన మద్ది మళ్లీ తీరుగా పెరగదు. వాన నీరు సహజంగా చేరే మూల, ఇంకుడు గుంత పొర్లి పారే దిక్కు, చెరువు గట్టు దిగువ దీనికి సరైన చోట్లు.

గుంత మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. మన చెల్కా నేలలో రెండడుగులు దిగగానే గట్టి మొరం తగులుతుంది. కూలీలు అక్కడితో ఆపేస్తారు. మీరు దగ్గరుండి గడ్డపారతో అడుగున మొరం పొరను పగలగొట్టించండి. తల్లివేరుకు దారి దొరికిందా లేదా అన్నదాని మీదే నాలుగో ఏట చెట్టు ఎలా ఉంటుందన్నది ఆధారపడుతుంది. తవ్విన మట్టిలో పది కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి, నాలుగైదు తట్టల చెరువు పూడిక మట్టి కలపండి. వేపపిండి చెదలను ఆపుతుంది, పూడిక మట్టి తేమను పట్టి ఉంచుతుంది. పూడిక మట్టి ఊరి చెరువుదే తెప్పించుకోండి, మురుగు చేరే నగర చెరువులది వద్దు.

మూడు నాలుగడుగుల మొక్క చాలు. పదడుగుల మొక్క కావాలని ఎగబడకండి. సంచిలో ఎక్కువ కాలం ఉన్నదానికి వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, అది నేలలో కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. నాటాక కర్ర ఊతమిచ్చి, పాదు చేసి, ఎండుటాకులు కప్పండి. వానల మధ్య పది రోజులు ఎడం వస్తే నీళ్లు పెట్టండి. మొదటి మూడు వేసవులు వారానికి రెండుసార్లు పాదు నిండా తడపాలి. రోజూ పైపైన చల్లితే వేళ్లు పైనే ఉండిపోతాయి. ఎస్టీపీలో శుద్ధి చేసిన నీళ్లు సరిపోతాయి.

విత్తనంతో పెంచాలనుకునేవారు వేసవిలో రాలిన పండు కాయలను మూడు రోజులు నీళ్లలో నానబెట్టి సంచుల్లో వేయవచ్చు. మొలకలు ఒకేసారి రావు, సగం మొలిచినా మేలే.

లేత ఆకుల మీద బుడిపెలు వస్తే అది రసం పీల్చే పురుగు పని. అలాంటి ఆకులు తుంచి కాల్చేయండి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి చల్లండి. అంతకు మించిన మందులు ఇంటి తోటలో అక్కర్లేదు.

పురుగు కన్నా మనిషి వల్లే ఈ చెట్టుకు ఎక్కువ ముప్పు. గుండెకు మంచిదని విని బెరడు చెక్కుకుపోతారు. మాను చుట్టూ బెరడు తీస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. తోటలో కాపలా ఉన్నవారికి ఈ మాట చెప్పి ఉంచండి. గుండె జబ్బున్నవారు డాక్టరును అడగకుండా ఆ బెరడు కషాయం తాగొద్దు.

వేసవికి ముందు ఆకు రాలుతుంది. చెత్త అవుతుందని ఫెసిలిటీ మేనేజర్లు అభ్యంతరం చెబుతారు. రాలిన ఆకును ఆ పాదులోనే కప్పితే చెత్త సమస్యా ఉండదు, నీళ్లూ కలిసివస్తాయి. అదే కుటుంబానికి చెందిన కోనోకార్పస్‌ను మనం వేలకు వేలు నాటాం. ఎప్పుడూ పచ్చగా ఉంటుందనే కదా! మన పురుగుకూ పిట్టకూ అది పెద్దగా పనికిరాదు. తెల్లమద్ది ఆకు మీద దసలి పట్టుపురుగు పెరుగుతుంది. మహదేవపూర్, చెన్నూరు రైతులకు ఆ పట్టే ఆదాయం. వినాయక చవితి పత్రిలో అర్జున పత్రం కూడా మీ తోటలోనే దొరుకుతుంది.

చివరగా ఒక విన్నపం. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, నాలా ఒడ్డున తొమ్మిది మీటర్ల మేర కట్టడాలు ఉండకూడదని భవన నిర్మాణ నిబంధనలున్నాయి. ఆ జాగా చాలాచోట్ల చెత్తకుప్పగా మారింది. మీ కమ్యూనిటీ వెనక అలాంటి నాలా ఉంటే మున్సిపల్ కార్పొరేషన్, హెచ్‌ఎండీఏ అధికారులతో మాట్లాడి, అనుమతి తీసుకుని, జులై నెలాఖరులోపు అక్కడ వరసగా తెల్లమద్ది నాటించండి.